హైస్కూల్ బేస్‌బాల్ పిచర్‌ని ఎలా అంచనా వేస్తారు? అమెరికా కాలేజీ టీమ్ దాకా దారి ఎలా ఉంటుంది?



మన బడి పిల్లల ఇళ్లలో చాలామందికి పెదనాన్నో, మేనమామో, పిన్నిగారో అమెరికాలో ఉన్నారు. వాళ్లు సెలవులకి వచ్చినప్పుడో, ఫోన్‌లోనో ఈ మధ్య ఒక మాట వినిపిస్తోంది: "మావాడు హైస్కూల్ టీమ్‌లో పిచర్. గంటకి 80 మైళ్ల వేగంతో విసురుతున్నాడు. కాలేజీవాళ్లు ఫ్రీగా చేర్చుకుంటారట." వినగానే మనకి రెండు సందేహాలు వస్తాయి. 80 మైళ్లంటే ఎక్కువా, తక్కువా? ఆటతో కాలేజీ చదువు నిజంగా ఫ్రీగా వస్తుందా?

ఈ రెంటికీ జవాబు తెలియక అక్కడ చాలా కుటుంబాలు డబ్బు పోగొట్టుకుంటాయి. కొంతమంది పిల్లలు అంతకంటే విలువైనది, అంటే చెయ్యి, పాడు చేసుకుంటారు. అందుకే ఈ వ్యాసం. అక్కడి బంధువులకి చెప్పడానికీ పనికొస్తుంది, ఇక్కడ ఫాస్ట్ బౌలింగ్ చేసే మన పిల్లలకీ పనికొస్తుంది.

ముందు ఆట సంగతి

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడు పిచర్, ఎదురుగా కూర్చుని పట్టేవాడు క్యాచర్, మధ్యలో బ్యాట్ పట్టుకుని బ్యాటర్. పిచర్ నిలబడే మట్టిదిబ్బ మీద ఒక పలక ఉంటుంది. అక్కడి నుంచి బ్యాటర్ ముందున్న హోమ్ ప్లేట్‌కి దూరం 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. మన క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. దిబ్బ ఎత్తు 10 అంగుళాలు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కాస్త తేలిక.

క్రికెట్‌లో పరుగెత్తుకుంటూ వచ్చి వేస్తాం, మోచెయ్యి 15 డిగ్రీలకి మించి చాపకూడదు. బేస్‌బాల్‌లో పరుగు లేదు, మోచెయ్యి వంచి విసరడమే పద్ధతి. బంతి నేలకి తగలకుండా నేరుగా వెళ్లాలి. హోమ్ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. దానిమీదుగా, బ్యాటర్ మోకాలికీ ఛాతీకీ మధ్య వెళ్తే అది స్ట్రైక్. బయటికి పోయి, బ్యాటర్ కొట్టకుండా వదిలేస్తే బాల్. మూడు స్ట్రైకులైతే బ్యాటర్ అవుట్. నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి నడిచి వెళ్లిపోతాడు, దాన్నే వాక్ అంటారు.

ఇంత తెలిస్తే మిగతాది అర్థమవుతుంది.

ఒకటి: వేగం

అందరూ ముందు అడిగేది ఇదే. రాడార్ గన్‌తో కొలుస్తారు. గంటకి 80 మైళ్లంటే సుమారు 129 కిలోమీటర్లు. హైస్కూల్ పెద్ద జట్టులో ఇది మామూలు వేగమే. అక్కడ చాలామంది 75 నుంచి 85 మైళ్ల మధ్యలో ఉంటారు. పెద్ద కాలేజీల కోచ్‌లు కుడిచేతి పిచర్ దగ్గర 80ల చివర నుంచి 90 దాటిన వేగం కోసం చూస్తారు. 90 మైళ్లంటే 145 కిలోమీటర్లు. మేజర్ లీగ్‌లో సగటు ఫాస్ట్‌బాల్ 94 మైళ్ల దగ్గర ఉంటోంది.

90 మైళ్ల బంతి బ్యాటర్‌ని చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకను. కన్ను మూసి తెరిచేలోపే అయిపోతుందన్నమాట.

అయితే ఒక మెలిక ఉంది. ఇంట్లోవాళ్లు చెప్పే అంకె చాలాసార్లు ఆ పిల్లాడు జీవితంలో ఒక్కసారి విసిరిన అంకె. కోచ్ చూసేది అది కాదు. మ్యాచ్ మొత్తంలో ఎక్కువ బంతులు ఏ వేగంలో పడుతున్నాయి, ఐదో ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి ఎంత తగ్గింది అని చూస్తాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 86, ఐదో ఇన్నింగ్స్‌లో 79 వేసేవాడికంటే, చివరిదాకా 84 వేసేవాడే మేలనుకుంటాడు.

ఎడమచేతి పిచర్లకి కొంచెం సడలింపు ఉంటుంది. వాళ్లు తక్కువమంది దొరుకుతారు కాబట్టి రెండు మూడు మైళ్లు తక్కువైనా చూస్తారు.

రెండు: గురి

వేగం చూసి కోచ్ వస్తాడు, గురి చూసి ఉంచుకుంటాడు. మొదటి మెట్టు స్ట్రైక్ వేయగలగడం. రెండో మెట్టు క్యాచర్ గ్లవ్ ఎక్కడ పెడితే అక్కడ వేయగలగడం. ఈ రెండూ ఒకటి కావు. విసిరిన ప్రతి 10 బంతుల్లో 6 కంటే ఎక్కువ స్ట్రైకులుంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. ప్రతి బ్యాటర్‌కీ వేసే మొదటి బంతి స్ట్రైక్ అవుతోందా అన్నది కూడా రాసుకుంటారు.

గురి ఎంత విలువైనదో చెప్పడానికి గ్రెగ్ మాడక్స్ పేరు చాలు. ఆయన కాలంలో ఆయనకంటే వేగంగా విసిరేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా మేజర్ లీగ్‌లో 355 విజయాలు ఆయన ఖాతాలో ఉన్నాయి.

మూడు: బంతుల రకాలు

ఒక్క ఫాస్ట్‌బాల్‌తో హైస్కూల్లో నెగ్గుకు రావచ్చు, కాలేజీలో కుదరదు. కోచ్ కనీసం మూడు రకాలు అడుగుతాడు.

ఫాస్ట్‌బాల్: అన్నిటికంటే వేగమైనది, ఎక్కువసార్లు వేసేది.

ఛేంజప్: చెయ్యి అదే వేగంతో తిరుగుతుంది కానీ బంతి 8 నుంచి 10 మైళ్లు నెమ్మదిగా వస్తుంది. మన బౌలర్లు వేసే స్లోయర్ బాల్ లాంటిది. బ్యాటర్ ముందే బ్యాట్ ఊపేస్తాడు.

కర్వ్‌బాల్, స్లైడర్: తిప్పి వేసేవి. కర్వ్‌బాల్ పైనుంచి కిందికి దిగుతుంది. స్లైడర్ దానికంటే వేగంగా వచ్చి, చివర్లో పక్కకి జారుతుంది.

ఇక్కడ చూడాల్సింది ఎన్ని రకాలు వచ్చు అని కాదు. మూడు బాల్స్ పడిపోయి, ఇంకో బాల్ పడితే వాక్ అయ్యే సమయంలో కూడా ధైర్యంగా రెండో రకం బంతి వేసి స్ట్రైక్ తెచ్చుకోగలడా అని.

ఈ రోజుల్లో బంతి నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోంది, ఎన్ని అంగుళాలు పక్కకి జరిగింది అని కొలిచే యంత్రాలు కూడా వచ్చాయి. ఆ అంకెలు కోచ్‌కి ఉపయోగమే. కానీ బ్యాటర్లు ఆ బంతిని కొట్టలేకపోతున్నారా అన్నదే చివరి పరీక్ష.

నాలుగు: ఒళ్లు, విసిరే తీరు

పదహారేళ్ల పిల్లాణ్ణి చూసేటప్పుడు కోచ్ ఇవాళ్టి పిల్లాణ్ణి ఒక్కణ్ణే చూడడు. ఇరవై ఏళ్లకి ఎలా ఉంటాడో ఊహిస్తాడు. పొడుగ్గా, సన్నగా ఉండి 83 వేసేవాడు రేపు కండపడితే 90 వేస్తాడేమో అనుకుంటాడు. ఇప్పటికే పూర్తిగా ఎదిగిపోయి 85 వేసేవాడి దగ్గర అంత ఆశ ఉండదు.

విసిరే తీరులో చూసేవి: ప్రతి బంతికీ ఒకేలా విసురుతున్నాడా, బలం కాళ్లనుంచీ నడుమునుంచీ వస్తోందా లేక భుజం ఒక్కటే లాగుతోందా, రకం మారినప్పుడు చెయ్యి వేగం మారిపోయి బ్యాటర్‌కి ముందే తెలిసిపోతోందా. భుజం ఒక్కటే పనిచేస్తుంటే ఇవాళ కాకపోతే రేపు నొప్పి తప్పదు.

ప్రొఫెషనల్ టీమ్‌ల తరఫున చూసేవాళ్లు ఈ గుణాలన్నిటికీ 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారు. అందులో 50 అంటే మేజర్ లీగ్ సగటు. కాబట్టి ఒక హైస్కూల్ పిల్లాడికి 40 వచ్చిందంటే ఫెయిల్ అయ్యాడని కాదు.

ఆలస్యంగా వికసించేవాళ్లూ ఉంటారు. జేకబ్ డిగ్రోమ్ ఫ్లోరిడాలోని స్టెట్సన్ యూనివర్సిటీలో చేరినప్పుడు పిచర్ కాదు, ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్. పిచింగ్ తర్వాత మొదలుపెట్టాడు. 2010లో తొమ్మిదో రౌండ్‌లో ఎంపికయ్యాడు. 2018లో, 2019లో తన లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు.

ఐదు: లెక్కల కాగితం

పిల్లలూ, ఇది మీకు లెక్కల క్లాసులో కూడా పనికొస్తుంది. ఒక పిచర్ ఒక సీజన్‌లో 40 ఇన్నింగ్స్ వేశాడనుకుందాం. అతని పొరపాటు వల్ల వచ్చిన పరుగులు 12, ఇచ్చిన హిట్లు 30, వాక్‌లు 14, స్ట్రైకవుట్లు 48.

ఈ.ఆర్.ఏ.: ఒక పూర్తి మ్యాచ్‌కి సగటున ఎన్ని పరుగులిచ్చాడో చెబుతుంది. హైస్కూల్ మ్యాచ్ 7 ఇన్నింగ్స్. 12ని 7తో హెచ్చించి 40తో భాగిస్తే 2.10.

విప్: ఒక ఇన్నింగ్స్‌కి ఎంతమందిని బేస్ ఎక్కించాడో చెబుతుంది. 30కి 14 కలిపితే 44. దాన్ని 40తో భాగిస్తే 1.10.

స్ట్రైకవుట్లకీ వాక్‌లకీ నిష్పత్తి: 48ని 14తో భాగిస్తే సుమారు 3.4.

మంచి అంకెలే. కానీ ఎవరిమీద వచ్చాయి? బలహీనమైన జట్లమీద వచ్చిన 2.10 కంటే గట్టి జట్లమీద వచ్చిన 3.50 గొప్ప కావచ్చు. ఈ.ఆర్.ఏ.లో ఫీల్డర్ల పనితనం కూడా కలిసి ఉంటుంది. అందుకే కోచ్‌లు మూడో అంకెని ఎక్కువ నమ్ముతారు. అది దాదాపు పూర్తిగా పిచర్ చేతిలోదే.

ఆరు: చెయ్యి బాగుందా?

ఈ భాగం మాత్రం రెండుసార్లు చదవండి.

మోచెయ్యి లోపలి వైపు ఒక చిన్న బంధనం ఉంటుంది. విసిరిన ప్రతిసారీ దానిమీదే బరువు పడుతుంది. అది తెగితే, ఒంట్లో వేరేచోటి నుంచి స్నాయువు తీసి అక్కడ వేసి కడతారు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఈ ఆపరేషన్‌ని మొదట టామీ జాన్ అనే పిచర్‌కి చేశారు, ఆ పేరే నిలిచిపోయింది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే వేగం పెరుగుతుందని కొంతమంది నమ్ముతారు. అది అపోహ. తిరిగి వచ్చినవాళ్లలో కనిపించే బలం నెలల తరబడి చేసిన వ్యాయామానిది.

చిన్నపిల్లల్లో ఎముక చివర ఇంకా గట్టిపడని భాగం ఉంటుంది. అతిగా విసిరితే అక్కడ దెబ్బ తగులుతుంది.

అందుకే 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యు.ఎస్.ఏ. బేస్‌బాల్ కలిసి 'పిచ్ స్మార్ట్' పేరుతో వయసువారీ హద్దులు పెట్టాయి. 13 నుంచి 16 ఏళ్లవారు ఒక రోజులో 95 బంతులు దాటకూడదు. 17, 18 ఏళ్లవారికి 105. వేసినన్ని బంతులకి తగ్గ విశ్రాంతి కూడా ఉండాలి. 15, 16 ఏళ్లవారికైతే ఇలా:

30 బంతుల లోపు: విశ్రాంతి రోజు అక్కర్లేదు.
31 నుంచి 45: ఒక రోజు.
46 నుంచి 60: రెండు రోజులు.
61 నుంచి 75: మూడు రోజులు.
76, ఆపైన: నాలుగు రోజులు.

2017 నుంచి అక్కడి చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ మ్యాచ్‌లకి బంతుల లెక్కతో నిబంధన ఉంది. చిక్కు ఎక్కడంటే, పిల్లాడు వారంలో స్కూల్ జట్టుకీ, శని ఆదివారాల్లో క్లబ్ జట్టుకీ ఆడతాడు. ఒక కోచ్ లెక్క ఇంకో కోచ్‌కి తెలియదు. రెండూ కలిపి లెక్కపెట్టే మనిషి ఇంట్లోనే ఉండాలి. అమ్మో నాన్నో ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే చాలు.

అమెరికా పరిశోధకులు పిల్లల పిచర్లని ఏళ్ల తరబడి గమనించి రెండు సంగతులు చెప్పారు. ఏడాదిలో 100 ఇన్నింగ్స్ దాటినవాళ్లకి పెద్ద గాయం అయ్యే అవకాశం మూడున్నర రెట్లు ఎక్కువ. చెయ్యి అలసిపోయినా ఆపకుండా విసిరే అలవాటున్నవాళ్లలో ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం 36 రెట్లు ఎక్కువ. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచింగ్ ఆపమని, అందులో రెండు మూడు నెలలు వరసగా ఏమీ విసరొద్దని సలహా ఇచ్చేది ఇందుకే.

"నొప్పిగా ఉంది నాన్నా" అని పిల్లాడు చెప్పగలిగే ఇల్లు ఉండాలి. కాలేజీవాళ్లు చూస్తున్న రోజు కదా అని నొప్పి దాచుకుంటే, ఆ కాలేజీయే చేజారిపోతుంది.

ఏడు: నడవడి

కోచ్ స్టాండ్‌లో కూర్చుని చూసేది బంతినే కాదు. ఫీల్డర్ క్యాచ్ వదిలేస్తే పిచర్ మొహం ఎలా పెట్టాడు? వరసగా రెండు హిట్లు పడ్డాక భుజాలు జారిపోయాయా? ఆడనప్పుడు తోటివాళ్లకి నీళ్లందిస్తున్నాడా, ఫోన్ చూసుకుంటున్నాడా? అమ్మానాన్నలు అంపైర్‌ని తిడుతున్నారా? ఇవన్నీ చూస్తారు. ఒకే స్థాయి పిచర్లు ఇద్దరుంటే నిర్ణయం ఇక్కడే తేలుతుంది.

కాలేజీ మెట్లు

అక్కడ కాలేజీ ఆటలో అంతస్తులున్నాయి. ఎన్.సి.ఏ.ఏ. సంస్థలో డివిజన్ 1, 2, 3. దానికి బయట ఎన్.ఏ.ఐ.ఏ. అనే ఇంకో సంస్థ. ఇవి కాక రెండేళ్ల జూనియర్ కాలేజీలు.

హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే నూరుమందిలో ఎన్.సి.ఏ.ఏ. మూడు డివిజన్లలో ఎక్కడో ఒకచోట ఆడేది సుమారు ఏడుగురు. డివిజన్ 1లో ఆడేది ఇద్దరు. ఈ లెక్క పిల్లాణ్ణి నిరుత్సాహపరచడానికి కాదు, డివిజన్ 1 ఒక్కటే దారి అనుకోకుండా ఉండటానికి.

ఇప్పుడు పోటీ ఇంకా పెరిగింది. 2025-26 నుంచి కొత్త ఒప్పందంలో చేరిన డివిజన్ 1 కాలేజీలకి జట్టులో 34 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. పైగా ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారే ఆటగాళ్లు ఎక్కువయ్యారు. 18 ఏళ్ల కొత్తవాడికంటే ఇప్పటికే రెండేళ్లు కాలేజీలో ఆడినవాణ్ణి తీసుకోవడానికి కోచ్‌లు మొగ్గుతున్నారు. అందుకని జూనియర్ కాలేజీలో చేరి, ఒళ్లు పెంచుకుని, తర్వాత పెద్ద కాలేజీకి మారడం చిన్నతనమేమీ కాదు. మంచి దారే.

'ఫ్రీ' అన్న మాట

బేస్‌బాల్‌లో పూర్తి స్కాలర్‌షిప్ అరుదు. డివిజన్ 1లో ఎన్నో ఏళ్లపాటు జట్టు మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. వాటినే ముక్కలు చేసి పంచేవారు. కొత్త ఒప్పందంలో చేరిన కాలేజీలకి ఆ హద్దు తీసేశారు. కానీ ఇవ్వొచ్చు అన్నదే మారింది, అందరికీ ఇస్తారని కాదు. డివిజన్ 2లో జట్టుకి 9. డివిజన్ 3లో ఆట పేరుతో స్కాలర్‌షిప్ అసలు లేదు. అక్కడ మార్కులకీ, ఇంటి ఆదాయాన్ని బట్టీ సాయం దొరుకుతుంది.

అంటే ఏమిటి? చాలామంది పిచర్లకి ఆటకంటే మార్కులే ఎక్కువ డబ్బు తెస్తాయి. డివిజన్ 1కి అర్హత కావాలంటే హైస్కూల్లో నిర్ణయించిన 16 ముఖ్య కోర్సులు పూర్తి చేసి, వాటిలో 4కి కనీసం 2.3 గ్రేడ్ సగటు తెచ్చుకోవాలి. డివిజన్ 2కి 2.2. ఇవి గడప మాత్రమే. మంచి కాలేజీ అడిగేది దీనికంటే చాలా ఎక్కువ.

డివిజన్ 1 కోచ్‌లు పదకొండో తరగతి మొదలవ్వబోయే ఆగస్టు 1 నుంచే పిల్లలతో నేరుగా మాట్లాడాలి. అంతకుముందు వచ్చే క్యాంప్ ఆహ్వానాలు చాలావరకు అందరికీ పంపేవే. ఫీజు కట్టేముందు "మావాడు ఆడటం మీలో ఎవరైనా చూశారా?" అని అడిగితే సంగతి తెలిసిపోతుంది.

మన దేశం నుంచి ఎవరైనా వెళ్లారా?

వెళ్లారు. 2008లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే పోటీలో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ వెలుగులోకి వచ్చారు. ఈ రింకూ వేరు, క్రికెటర్ రింకూ వేరు. ఇద్దరూ జావెలిన్ విసిరేవాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ఆడలేదు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థ వాళ్లతో ఒప్పందం చేసుకుంది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు. వాళ్ల కథమీద 2014లో సినిమా వచ్చింది, ఎ.ఆర్. రెహమాన్ సంగీతం ఇచ్చారు. బలమైన చెయ్యి తలుపు తెరుస్తుంది, లోపల నిలబడటానికి ఏళ్ల ఆట కావాలి అన్నదే అందులో మనకి పాఠం.

ఇంట్లో కూర్చుని వేసుకోవాల్సిన ప్రశ్నలు

1. మ్యాచ్ చివర్లో వేగం ఎంత?
2. స్ట్రైకవుట్లు వాక్‌లకంటే కనీసం రెండింతలున్నాయా?
3. ఫాస్ట్‌బాల్ కాక ఇంకో బంతిని నమ్మకంగా వేస్తాడా?
4. అన్ని జట్లకీ కలిపి ఈ ఏడాది ఎన్ని బంతులు వేశాడు? ఎన్ని నెలలు విశ్రాంతి తీసుకున్నాడు?
5. గ్రేడ్లు ఎలా ఉన్నాయి?
6. మనకి సొంతం కాని, డబ్బు తీసుకోని కోచ్ ఎవరైనా "ఇతను ఈ స్థాయిలో ఆడగలడు" అని చెప్పాడా?
7. రేపు చెయ్యి నొప్పితో ఆట ఆగిపోయినా, అదే కాలేజీలో చదవడం ఇతనికి ఇష్టమేనా?

ఏడో ప్రశ్నకి 'అవును' వస్తే ఆ కాలేజీ సరైనదే. రాకపోతే ఇంకోటి వెతకాలి.

ఇక మన పిల్లలకి ఒక మాట. ఫాస్ట్ బౌలింగ్ చేసేవాళ్లు కూడా వారానికి ఎన్ని బంతులు వేస్తున్నారో రాసుకోండి. స్కూల్ ప్రాక్టీస్, వీధి మ్యాచ్, అకాడమీ అన్నీ కలపండి. భుజమో, మోచెయ్యో, నడుమో నొప్పి పెడితే ఆ రోజే పీ.ఈ.టీ. మాస్టారికి చెప్పండి. టీమ్‌లోంచి తీసేస్తారని భయపడొద్దు. ఒక మ్యాచ్ పోతే పోతుంది, వచ్చే ఏడాది ఆడటానికి చెయ్యి ఉంటుంది.